మా మండువా లోగిలి... రాత్రికి మూడు వేలు

"మేడమ్, ఫొటోలో ఇంటి మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది. పైకప్పు పని ఇంకా అవ్వలేదా?"

మా హోమ్‌స్టేకి ఫోన్ చేసేవాళ్లలో నెలకు ఒక్కరైనా ఈ ప్రశ్న అడుగుతారు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఓపిగ్గా చెబుతున్నా.

"అవ్వకపోవడం కాదండీ, అదంతే. తొంభై ఏళ్ల నుంచీ అలాగే ఉంది."

"మరి వర్షమొస్తే?"

"ఇంట్లోనే పడుతుందండీ."

అవతల కాసేపు చప్పుడుండదు. సగం మంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు. మిగతా సగం మందే మా అతిథులు.

మాది కోనసీమ. అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్తూ బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటి, పెద్ద రోడ్డు దిగి కాలవ గట్టెక్కితే కాసేపట్లో మా ఊరు. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దున కాఫీ వేళకి దిగిపోవచ్చు. గట్టు మీంచి చూస్తే కొబ్బరిచెట్లు తప్ప ఊరు కనిపించదు. దగ్గరికొచ్చాక వీధి మొదట్లో రెండు పెద్ద అరుగులు, వాటి మధ్య నిలువెత్తు తలుపులు, గుమ్మం మీద చెక్కిన 1931 అనే అంకె... అదే మా ఇల్లు.

మండువా లోగిలి సినిమాల్లో మీరు చూసే ఉంటారు. నాలుగు వైపులా గదులు, వాటి ముందు వసారా, నడిమధ్యన ఆరుబయలు. నాలుగు వైపుల పెంకుల కప్పూ ఆ మధ్యకే వాలి ఉంటుంది. వీధి గుమ్మంలో నిలబడితే మండువా దాటి, నట్టిల్లు దాటి, పెరట్లో నుయ్యి దాకా ఒకే గీతలో కనిపిస్తుంది. కట్టినవాళ్లు అందం కోసమే అలా పెట్టలేదు. ఇంట్లో వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంటే, అటు వీధి నుంచి, ఇటు పెరటి నుంచి చల్లగాలి లోపలికొస్తుంది. మే నెల మధ్యాహ్నం కూడా వసారాలో చాప వేసుకుని పడుకోవచ్చు. ఉక్కపోత లేదని మాత్రం చెప్పను. కోనసీమలో ఉక్కపోత లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇలాంటి ఇళ్లు ఈ ప్రాంతంలో ఇన్ని ఎందుకున్నాయంటే, దానికి ధవళేశ్వరం దాకా వెళ్లాలి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర అక్కడ గోదావరికి ఆనకట్ట కట్టాడు. కాలవలొచ్చాయి. వరదకీ కరువుకీ నలిగిపోయే లంకల్లో వరి, కొబ్బరి, అరటి నిలబడ్డాయి. భూమి ఉన్నవాళ్ల చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బు తర్వాతి తరాల్లో టేకు స్తంభాలైంది, దూలాలైంది. మా ఇంటి కలప బర్మా నుంచి ఓడలో వచ్చిందని తాతయ్య చెప్పేవారు. 'రంగం టేకు' అని స్తంభాన్ని అరచేత్తో తట్టి మరీ.

ఈ ఇంటి గుమ్మాలకి ఇంకో లెక్క కూడా ఉండేది. ఎవరు ఏ గుమ్మం దాకా రావచ్చు అన్నది. ఆ సంగతి తర్వాత చెబుతా.

స్తంభాల బేరం

నాన్న పోయిన ఏడాదికి, 2020లో, ఓ వ్యాన్‌లో ఇద్దరొచ్చారు. పాత ఇళ్ల కలప కొనేవాళ్లు. మండువా చుట్టూ ఉన్న పన్నెండు స్తంభాలనీ తట్టి, గోరుతో గీరి, టేపుతో కొలిచారు. ఇల్లు మొత్తం విప్పుకుపోతామన్నారు. తలుపులు, దూలాలు, ఆఖరికి అటక చెక్కలు కూడా. ఊళ్ల బయట కొత్తగా కట్టే రిసార్టులకీ ఫామ్‌హౌస్‌లకీ వెళతాయట. అంటే రేపు మా స్తంభాల మధ్య మేం కూర్చోవాలన్నా ఎక్కడో గది బుక్ చేసుకోవాలన్నమాట!

ఇల్లు నాన్నదీ బాబాయిదీ ఉమ్మడి. బాబాయి అమ్మేద్దామన్నాడు. ఆయన తప్పేం లేదు. విశాఖలో ఉంటూ, ఏడాదికి రెండు రోజులు కూడా పడుకోని ఇంటికి ఏటా పెంకు సర్దించడానికీ చెదల మందుకీ డబ్బు పంపుతున్నాడు. నేనప్పుడు లాక్‌డౌన్ పుణ్యమా అని ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లోనే ఉన్నా. వసారాలో కూర్చుని మీటింగుల్లో మాట్లాడుతుంటే అందరూ నా పని వదిలేసి వెనకాల స్తంభాల గురించే అడిగేవారు. అక్కణ్ణుంచి వచ్చిన ఆలోచనే ఇది.

"అయిదేళ్లివ్వు బాబాయ్. ఇల్లు తన ఖర్చు తను సంపాదించుకోలేకపోతే నేనే వ్యాన్ పిలుస్తా" అన్నా. నవ్వి సంతకం పెట్టాడు. 2021 డిసెంబరులో తలుపులు తీశాం. గడువు ముగియడానికి ఇంకెంతో లేదు.

బాబాయిని ఒప్పించడం తేలికైంది. అమ్మతోనే కష్టమైంది.

"ఇంటికొచ్చినవాళ్లకి అన్నం పెట్టి డబ్బులడుగుతామా?" అంది. అక్కడితో ఆగలేదు. అమ్మ పుట్టిల్లు లంకల గన్నవరం దగ్గర. అంటే డొక్కా సీతమ్మగారి ఊరి పక్క. గోదావరి పాయలు దాటుకుంటూ వచ్చే బాటసారులకి, ఎవరు ఏమిటని అడక్కుండా, అర్ధరాత్రయినా వండి పెట్టిన ఇల్లాలు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం వేడుకలకి పిలుపొస్తే వెళ్లలేదనీ, అప్పుడు ఆవిడ ఫొటో తీయించుకుని తీసుకెళ్లారనీ చెబుతారు. గన్నవరంలో వైనతేయ మీద కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఇప్పుడు బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆ పేరు వింటూ పెరిగిన మనిషిని పట్టుకుని, ప్లేటుకి రెండు వందల యాభై అని బోర్డు పెడదామంటే ఏమంటుంది?

మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తనే రాజీకొచ్చింది.

"గదికి డబ్బులు తీసుకో. అది నీ ఇష్టం. పొద్దున టిఫిన్‌కి మాత్రం పైసా తీసుకోవడానికి వీల్లేదు."

"అమ్మా, దాన్నే లోకమంతా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటుంది" అన్నా.

అలా మొదలైంది. ఇప్పటికీ అతిథుల డబ్బు అమ్మ చేత్తో ముట్టుకోదు. అందరూ ఫోన్‌లోనే కట్టేస్తుండటం ఆవిడకో పెద్ద ఊరట.

సిమెంటు చేసిన పని

ఎవరైనా పాత ఇంటిని ఇలా నడపాలనుకుంటుంటే కాగితాల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఒక గది నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. యజమాని అదే ఇంట్లో ఉండాలి, అది ముఖ్యమైన షరతు. సిల్వర్, గోల్డ్ అని రెండు రకాల గుర్తింపు. విదేశీయులు వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి. వచ్చిన ప్రతి ఒక్కరి వివరాలూ రిజిస్టర్‌లో రాయాలి. ఇవన్నీ కూర్చుంటే అయిపోయే పనులు.

కూర్చుంటే అవనిది ఇల్లు.

మొదటి తప్పు నేనే చేశా. వీధి గది గోడ కింది భాగం పెచ్చులూడుతోంటే, త్వరగా అవుతుందని సిమెంటు పూయించా. నాలుగు నెలలు నున్నగా మెరిసింది. వానలు పడ్డాక గోడంతా చెమర్చింది. ఉప్పు పొంగి, రంగు బుడగలు బుడగలుగా లేచి, సిమెంటు అట్టలు అట్టలుగా ఊడి మంచం మీద పడింది. ఈ గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి. నేలలోని తేమని పీల్చుకుంటాయి, మళ్లీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ ఎటూ పోలేక గోడనే తినేస్తుంది. అదంతా చెక్కించి, సున్నం తెచ్చి నానబెట్టి, ఇసక కలిపి రుబ్బించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి మళ్లీ పూయించాం. ఆ పని తెలిసిన మేస్త్రి దొరకడానికే రెండు నెలలు పట్టింది. డెబ్భై ఏళ్లాయన. వచ్చి గోడ చూసి నన్ను ఒక్క మాటా అనలేదు. అమ్మకేసి తిరిగి, "పాపగారు చదువుకున్నారు కదండీ" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తర్వాత బాత్‌రూములు. అప్పటి ఇళ్లలో గదికో బాత్‌రూమ్ ఎక్కడుంటుంది? అన్నీ పెరట్లోనే. మండువా వైపు పైపులు పెడితే గోడలు పాడవుతాయి. అందుకని రెండు గదులకి వెనక వసారా చివర కట్టించాం. మూడోది, నాలుగోది మాత్రం పెరట్లో ఖాళీగా పడున్న గొడ్ల సావిడిని బాగుచేయించి చేశాం. పశువుల గాడి అలాగే ఉంచి అందులో మొక్కలు పెట్టాం. దానికి 'గార్డెన్ రూమ్' అని పేరు. అన్నిటికంటే ముందు బుక్ అయ్యేది, ఎక్కువ రేటు పలికేది అదే. నాలుగు వేలు.

ఏసీలు ఆ సావిడి గదుల్లోనే ఉన్నాయి. ఇంట్లో పెట్టించి చూశాం. చల్లదనమంతా అటక చెక్కల సందుల్లోంచి ఎలుకలకి పోతోంది. మండువా మీద గాజులాంటి రేకు వేసేస్తే దోమలూ వానా ఉండవని చాలామంది సలహా ఇచ్చారు. వేసేస్తే అది ఇల్లు కాదు, షాపింగ్ మాల్ అవుతుంది. దోమలకి దోమతెరలున్నాయి. పందిరి మంచాలు ఎలాగూ ఉన్నాయి కదా!

లెక్క కూడా చెప్పేస్తా. పోయినేడు జీతాలు, కరెంటు, బుకింగ్ యాప్‌ల కమీషను, వంట సరుకులు పోను మిగిలింది లక్షా ఎనభై వేలు. పెంకు సర్దించడానికీ, చెదపట్టిన రెండు వాసాలు మార్చడానికీ అయింది రెండు లక్షల పది వేలు. కోతులు ఒక్కసారి కప్పు మీద పరిగెడితే ఆ నెల లాభం పెంకుముక్కలే. మొదటి ఏడాదైతే ఇంకా ఘోరం. 2022 మే నెలలో జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలు రేగి, జిల్లాలో కొన్నాళ్లు ఇంటర్నెట్ ఆపేశారు. బుకింగులొచ్చేదే ఫోన్‌లో, ఇక ఏం వస్తాయి? తేరుకుంటున్నామనుకునేలోపు జులైలో గోదావరికి పెద్ద వరద. మా ఊళ్లోకి నీళ్లు రాలేదు గానీ, టీవీలో లంకలు మునిగిన దృశ్యాలు చూశాక ఎవరొస్తారు? బాబాయి ఆ నెల ఫోన్ చేసి ఇంటి మాటే ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మరి ఎందుకు చేస్తున్నావంటే, వాన గురించి చెప్పాలి.

జూన్ చివర్లో మబ్బు పట్టగానే మండువాలో నాలుగు మూలలా ఇత్తడి గంగాళాలు పెడతాం. ముందు ఒక్కో చుక్క ఒక్కో గంగాళంలో ఒక్కో రకంగా మోగుతుంది. తర్వాత నాలుగు వైపుల పెంకుల మీంచీ ధారలు. ఇంటి మధ్యలో నాలుగు నీటి గోడలు నిలబడతాయి. మనం వసారాలో పొడిగా కూర్చుని ఉంటాం, నీటి తుంపర మొహానికి తగులుతూ ఉంటుంది. ఓసారి బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లు అయిదుగురు, పొద్దుట్నుంచి వైఫై స్లోగా ఉందని గోల చేసినవాళ్లు, ఆ వాన మొదలయ్యాక గంటన్నరసేపు ఫోన్లు పక్కన పడేశారు. ఒకడైతే లేచెళ్లి మండువాలో నిలబడి తడిశాడు. వెళ్లేటప్పుడు రివ్యూలో 'బల్లులున్నాయి' అని మూడు స్టార్లు ఇచ్చారనుకోండి. అది వేరే విషయం.

ఇక టిఫిన్. అమ్మ చేతి దిబ్బరొట్టె, పానకం ఒక రోజు. పొట్టిక్కలు ఇంకో రోజు. పనసాకులు నాలుగు కలిపి, కొబ్బరీనె పుల్లతో గుచ్చి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. అంబాజీపేట వెళ్తే హోటల్లోనూ దొరుకుతాయి. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే రెండోసారి వచ్చినవాళ్లున్నారు.

నేను చెప్పే తుపాను కథ

సాయంత్రం దీపాలు పెట్టాక అతిథులని వసారాలో కూర్చోబెట్టి ఇంటి కథ చెప్పడం నా అలవాటు. కాటన్ దొర, రంగం టేకు, తాతయ్య పెళ్లిలో మండువాలో వేసిన పందిరి. ఆఖర్లో తుపాను. అది అందరికీ నచ్చే భాగం.

1996 నవంబరు 6. కోనసీమలో ఆ తేదీ తెలియని ఇల్లుండదు. ఆశ్వయుజ మాసం, సాయంత్రం నుంచి గాలి. రాత్రయ్యేసరికి కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. పాకలన్నవి మిగల్లేదు. నాకప్పుడు నాలుగేళ్లు. నాకు గుర్తున్నది చీకటి, అమ్మ చీర, ఒక హోరు. మిగతాదంతా నాన్నమ్మ చెప్పగా విన్నదే. "ఆ రాత్రి ఊరంతా మన ఇంట్లోనే తలదాచుకుంది" అనేది. నేనూ అదే చెప్పేదాన్ని. ఈ స్తంభాలు పట్టుకుని వందమంది తెల్లార్లూ కూర్చున్నారని. వెబ్‌సైట్‌లో కూడా రాశా.

పోయిన జనవరిలో, సంక్రాంతి రద్దీ తగ్గాక, ఒక బుకింగ్ వచ్చింది. ఇద్దరు, ఒక రాత్రి. తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "వీధి వైపు గదే కదండీ? గార్డెన్ రూమ్ వద్దు" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. అందరూ కావాలనే గదిని వద్దంటోందేమిటా అనుకున్నా.

ఆటో ఆగింది. ఆ అమ్మాయి దిగింది. జీన్స్, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగ్, హైదరాబాద్‌లో ఉద్యోగం. వెనకే చిన్న గళ్ల చీరలో ఒక ముసలావిడ. డెబ్భై అయిదు పైనే ఉంటాయి. దిగుతూనే చెప్పులు రోడ్డు పక్కనే విడిచేసి, ప్రహరీ పక్క సందులోకి నడవబోయింది. అది పెరటి దారి.

"అమ్మమ్మా, ఇటు" అని మనవరాలు చెయ్యి పట్టుకుంది.

ఆవిణ్ణి అరుగు మీదున్న అమ్మ నాకంటే ముందు గుర్తుపట్టింది. మా పేట నుంచి ముప్ఫై ఏళ్లు మా పెరట్లో వడ్లు దంచి, గొడ్ల పని చేసిన మనిషి. అమ్మ కంటే పదేళ్లు పెద్ద. అయినా అమ్మ ఆవిణ్ణి ఎప్పుడూ 'ఏమే' అనే పిలిచింది. వచ్చిన ప్రతి అతిథినీ "రండి రండి" అంటూ ఎదురెళ్లే అమ్మ, ఆ రోజు అరుగు అంచున నిలబడిపోయింది.

"రా..." అంది. ఆగింది. "రండి. లోపలికి రండి."

ఆ 'రా'కీ 'రండి'కీ మధ్య ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. రెండు సెకన్లే అయ్యుండొచ్చు.

వాళ్లమ్మ పద్నాలుగేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి తనని ఇంజినీరింగ్ చదివించిందని ఆ అమ్మాయి కాఫీ తాగుతూ చెప్పింది. "అమ్మమ్మకి పుట్టినరోజెప్పుడో తెలీదు. ఏం కావాలమ్మమ్మా అంటే ఎప్పుడూ ఏమీ వద్దంటుంది. ఈసారి మీ ఇంటి ఫొటోలు యాప్‌లో చూపిస్తే, లోపల ఇలా ఉంటుందా అంది. ముప్ఫై ఏళ్లు పనిచేసిన ఇల్లు, లోపల ఎలా ఉంటుందో తెలీదంట."

ముసలావిడ మండువా చుట్టూ మెల్లగా తిరిగింది. స్తంభాన్ని తాకి చూసింది. మనవరాలు గార్డెన్ రూమ్ కూడా చూపించి రేటు చెబితే మాత్రం, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "గొడ్ల సావిట్లో పడుకోడానికి నాలుగు వేలా! ఓరి నాయనో!"

సాయంత్రం విజయవాడ నుంచి వచ్చిన జంట కూడా ఉన్నారు. అలవాటు ప్రకారం కథ మొదలుపెట్టా. తుపాను దగ్గరికొచ్చా. ఊరంతా మా ఇంట్లోనే అన్నా. వాళ్లు ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నారు.

"మేం ఇంట్లో లేవండీ, పాపగారూ."

గట్టిగా కాదు, ఏదో చిన్న లెక్క సరిచేస్తున్నట్టు అంది.

"గొడ్ల సావిట్లో ఉన్నామండి. పాకలు పోయాక, పిల్లల్నేసుకుని మెడలోతు నీళ్లల్లో వచ్చాం. సావిట్లో ఉండమన్నారు అయ్యగారు. మా పేటోళ్లం నలభై మందిమి. నడిరేత్రి సావిడి పెంకులు లేచిపోయినాయండి. గొడ్లు అరుస్తన్నాయి. అప్పుడు పెరటి తలుపు తీశారు. ఆ వెనక వసారా వరకూనండి. ఊళ్లోవాళ్లు ఇక్కడ లోపల ఉన్నారు." కాసేపాగి, "తెల్లారాక గంజి కాసి అందరికీ పోశారండి. అదీ చెప్పాలి. కొబ్బరి చిప్పల్లో తాగాం" అంది.

విజయవాడ అబ్బాయి రికార్డింగ్ ఆపేశాడు. నేను ఏం మాట్లాడాలో తెలియక అమ్మ వైపు చూశా. అమ్మ కూర్చున్న చోటు నుంచి లేచి, దీపంలో నూనె ఉన్నా మళ్లీ పోసింది.

రాత్రి వంటింట్లో అడిగా. "నిజమేనా?"

అమ్మ పనసాకులు గుచ్చుతోంది. "ఆ గాలిలో ఎవరు ఎక్కడున్నారో ఎవరు చూశారు?" అంది ముందు. నాలుగు బుట్టలు గుచ్చింది. అయిదోది గుచ్చుతూ, "నేనే తీశా ఆ తలుపు. మీ తాతయ్యని అడిగి తీశా. అడక్కుండా తీసుండాల్సింది" అంది.

పొద్దున ముసలావిడ బల్ల దగ్గర మనవరాలి పక్కనే కూర్చుంది. ఆకు విప్పుతూ, ఇది పాత పనసచెట్టు ఆకు కాదే, అది తుపానులో పడిపోయింది కదా అని అడిగింది. ఆ తర్వాత నాటిన చెట్టని అమ్మ చెప్పింది. ఆ చెట్టు కొమ్మల గురించీ, అప్పట్లో కాసిన కాయల గురించీ, ఒక ఎర్రావు గురించీ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ ఆవు పేరు అమ్మ మర్చిపోయింది. ఆవిడ మర్చిపోలేదు.

వెళ్లేముందు అమ్మ నన్ను పక్కకి పిలిచి, "డబ్బులు తీసుకోకే" అంది. నేనూ అదే అనుకుంటున్నా. వెళ్లి చెప్పా కూడా.

ఆ అమ్మాయి నవ్వింది. "వద్దండీ. ఊరికే తింటే మళ్లీ పెరట్లో తిన్నట్టే ఉంటుంది. బిల్లు ఇవ్వండి."

బిల్లు రాసిచ్చా. ఫోన్‌లో కట్టబోతుంటే ముసలావిడ ఆపింది. నడుం దగ్గర్నుంచి చిన్న గుడ్డ సంచీ తీసి, అయిదొందల నోట్లు ఆరు లెక్కపెట్టి, నాకు కాదు, అమ్మకిచ్చింది. అమ్మ రెండు చేతులూ చాపి తీసుకుంది. మా హోమ్‌స్టేలో అమ్మ పుచ్చుకున్న డబ్బు ఆ మూడు వేలే.

రిజిస్టర్‌లో సంతకం మనవరాలే పెట్టింది. వాళ్లు వెళ్లాక చూశా. 'ఎక్కణ్ణుంచి వచ్చారు' అన్న గడిలో ఆవిడ పేరుకెదురుగా 'ఇదే ఊరు' అని రాసి ఉంది.

వెబ్‌సైట్‌లో ఆ వాక్యం తీసేశా. సాయంత్రాలు ఇప్పుడు తుపాను కథ మండువాలో చెప్పను. అతిథులని వెనక వసారా మీదుగా సావిడి దాకా తీసుకెళ్లి, గార్డెన్ రూమ్ ముందు నిలబెట్టి అక్కడ మొదలుపెడతా. నలభై మంది, పెంకులు, పెరటి తలుపు, కొబ్బరి చిప్పలు. కొందరు వింటారు. కొందరు ఫోన్ చూసుకుంటారు. ఆ రాత్రి ఆ గదిలో పడుకోవాల్సినవాళ్లు కాస్త ఇబ్బందిపడతారు.

మొన్న ఒకాయన రివ్యూ రాశారు. ఇల్లు బాగుంది, హిస్టరీ టూర్ కాస్త డల్‌గా ఉందని, నాలుగు స్టార్లు. పొట్టిక్కలకి మాత్రం అయిదట.